మహాత్ములకు రూపమైన చిత్తూరు నాగయ్య

సికింద్రాబాదును హైదరాబాదుతో కలుపు హుస్సేన్ సాగరపు కట్టపై 1986వ సంవత్సరమున తెలుగు మహనీయుల విగ్రహములు ప్రతిష్ఠింపబడినవి. రాజులు, కవులు, సంఘసంస్కర్తలు, భక్తులు ఆ వరుసలో నిలిచియున్నారు. సాయంకాలమున పిల్లలను వెంటబెట్టుకొని ఆ కట్టపై నడచు గృహస్థుడు ఒక్కొక్క విగ్రహము చెంత ఆగి, ఈయన బమ్మెర పోతన, ఈయన వేమన, ఈయన త్యాగరాజస్వామి, ఈయన భద్రాచల రామదాసు అని చెప్పుచుండుట పరిపాటి. రామదాసును చెరలో నుంచిన తానీషా విగ్రహము కూడ అదే కట్టపై నున్నది.

ఈ నలుగురు మహాత్ములును ఛాయాచిత్రములు లేని కాలమువారు. పోతన ఎట్లుండెనో, గోపన్న ఎట్లు నడచెనో, వేమన ఎట్లు పలికెనో చూచి చెప్పగలవారు లేరు. అయినను పెద్దతరమువారి మనస్సులలో ఆ నలుగురికిని ఒకే ముఖము, ఒకే కంఠము నిలిచియున్నవి. మెత్తని చూపు, తొందరలేని మాట, లోపలినుండి వచ్చు పాట. ఆ ముఖము, ఆ కంఠము చిత్తూరు నాగయ్యగారివి. కట్టపై ఆయన విగ్రహము లేదు. ఆయన రూపము ధరించిన నలుగురి విగ్రహములు మాత్రము కలవు. భక్తుల చరిత్రమును కోట్లాది జనులకు కన్నులయెదుట నిలిపిన ఈ మహానటుని చరిత్రము భక్తకోటి వినదగినది. అందు ఆనందించవలసినది కలదు, ఆలోచించవలసినదియు కలదు.

భగవత్కథకంటె భాగవతుల కథ మధురతరమని పెద్దలందురు. ఆ కథను వినుటయే కాదు, అభినయించుటయు భక్తిమార్గమున కొత్త విషయము కాదు. శ్రీమద్భాగవత దశమస్కంధమున శ్రీకృష్ణుడు అంతర్ధానము చెందినప్పుడు గోపికలు విరహము భరింపలేక తామే కృష్ణుడై, తామే పూతనయై, తామే కాళియుడై ఆయన లీలలను అనుకరించిరి. ఆ అనుకరణము వేడుకకై చేసినది కాదు. ప్రాణము నిలుపుకొనుటకు చేసినది. శ్రీరంగమున అరయర్లు దివ్యప్రబంధమును గానముతోను అభినయముతోను పెరుమాళ్ళ సన్నిధిని సమర్పించు సేవ నాథమునుల కాలమునుండి వచ్చుచున్నది. మన తెలుగునాట కూచిపూడి భాగవతులు ఊరూర తిరిగి భగవత్కథలను ఆడిరి. వినువారి సంగతియు అంతే. కులశేఖరాళ్వారు శ్రీమద్రామాయణ కాలక్షేపమున శ్రీరాముడు ఒంటరిగా ఖరదూషణాదుల సేనను ఎదిరించు ఘట్టము వినుచు, అది జరిగిపోయిన కథయని మరచి, స్వామికి తోడ్పడుటకు సేనలను సిద్ధపరుపుడని ఆజ్ఞాపించెనట. అభినయించువాడు తన్ను మరచినప్పుడు, చూచువాడు కాలమును మరచినప్పుడు, వారి నడుమ కథ సజీవమగును.

నాగయ్యగారి పూర్తిపేరు ఉప్పలదడియం నాగయ్య. 1904వ సంవత్సరము మార్చి 28వ తేదీన గుంటూరు మండలములోని రేపల్లెలో బ్రాహ్మణ కుటుంబమున ఆయన జన్మించిరి. బాల్యము చిత్తూరు సీమలో గడచినది. తిరుపతిలో చదువుకొనునప్పుడు దేవస్థానమువారి విద్యార్థివేతనము ఆయనకు ఆధారమైనది. ఏడుకొండలవాని హుండీలో యాత్రికులు సమర్పించు కానుకలు ఏయే దారుల ప్రవహించి ఎవరిని పోషించునో చెప్పజాలము. ఏనాటిదో ఒక పేదయాత్రికుని ముడుపు, దశాబ్దముల తరువాత పోతనగా త్యాగయ్యగా తెలుగువారి యెదుట నిలువబోవు ఒక బాలునికి చదువు చెప్పించెను.

చదువు ముగిసిన పిమ్మట నాగయ్యగారు కొంతకాలము ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగాను, తరువాత పత్రికారంగమునను పనిచేసిరి. 1930వ సంవత్సరమున దేశమంతట ఉప్పుసత్యాగ్రహము సాగినప్పుడు ఆ ఉద్యమమున చేరిరి. అయితే ఆయన ప్రాణము సంగీతమునందును, నాటకమునందును ఉండెను. చిత్తూరులోని రామవిలాససభ ఆ కాలమున పేరొందిన నాటకసమాజము. ఆ సభ రంగస్థలముపై ఆయన పాడుచు నటించుచు పెరిగిరి. ఉప్పలదడియం అను ఇంటిపేరు మరుగునపడి చిత్తూరు అను ఊరిపేరే ఆయనకు ఇంటిపేరుగా స్థిరపడినది. గ్రామఫోను పలకలద్వారా ఆయన కంఠము ముందుగా ఇండ్లలో ప్రవేశించినది. రూపము తరువాత వచ్చినది.

1938వ సంవత్సరమున హెచ్. ఎం. రెడ్డిగారి దర్శకత్వమున వెలువడిన గృహలక్ష్మి చిత్రముతో నాగయ్యగారు చలనచిత్రరంగమున అడుగిడిరి. అప్పటికి ఆయన వయస్సు ముప్పదినాలుగేండ్లు. పిమ్మట బి. ఎన్. రెడ్డిగారు వాహినీ సంస్థను నెలకొల్పి నిర్మించిన వందేమాతరము, సుమంగళి, దేవత చిత్రములు వరుసగా 1939, 1940, 1941 సంవత్సరములలో వచ్చినవి. సుమంగళిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారిని తలపించు వృద్ధసంస్కర్త పాత్రను ధరించి, యౌవనము దాటకముందే వార్ధక్యమును మెప్పించిరి. ఆ రోజులలో నటుని పాట నటుడే పాడుకొనవలెను. మాట ఎవరిదో పాట కూడ వారిదే. నాగయ్యగారికి ఈ నియమము వరమైనది. ఆయన మాటలోనుండి పాటలోనికి ఎప్పుడు జారెనో వినువారికి తెలిసెడిది కాదు.

ఆనాడు అగ్రహారములలోని పెద్దలకు చలనచిత్రములపై గౌరవము లేదు. నటవృత్తిని ధర్మశాస్త్రములు కొనియాడలేదు. చీకటిగదిలో కూర్చుండి నీడలను చూచుట ఆచారవంతుల పని కాదని పలువురు భావించుచుండిరి. అట్టి ఇండ్ల తలుపులను తెరచిన చిత్రము భక్తపోతన. వాహినీ సంస్థ 1942లో దీనిని నిర్మించినది. కె. వి. రెడ్డిగారికి దర్శకునిగా ఇది తొలిచిత్రము. కథను, సంభాషణలను సముద్రాల రాఘవాచార్యులుగారు సమకూర్చిరి. శ్రీవైష్ణవ సంప్రదాయమున పెరిగిన ఆ కవి కలమునుండి వచ్చుటచే పోతనకథకు భాషాగౌరవము, భక్తిమర్యాద రెండును దక్కినవి. శ్రీనాథుని పాత్రను గౌరీనాథశాస్త్రిగారు ధరించిరి. రెండవ ప్రపంచయుద్ధము మద్రాసు తీరమువరకు భయము పుట్టించిన సంవత్సరమది. జపాను విమానములు బాంబులు వేయునను వార్తలతో 1942 వేసవిలో జనులు మద్రాసు విడిచిపోవుచుండిరి. చిత్రనిర్మాణము ఆగి, మరల సాగి, 1943 జనవరిలో చిత్రము ప్రజలముందునకు వచ్చినది.

పోతన కథ ఎరుగని తెలుగు గృహస్థుడు లేడు. ఓరుగల్లు సీమలోని బమ్మెరలో హాలికుడై జీవించుచు, వ్యాసభాగవతమును తెలుగు చేసి, దానిని రాచకొండ ప్రభువునకు అంకితమీయక శ్రీరామచంద్రునకు సమర్పించిన మహాభక్తుడాయన. రాజాస్థానముల భోగములను రుచిచూచిన శ్రీనాథుడు ఒకవైపు, నాగలి విడువని పోతన ఒకవైపు. బంధువై, మిత్రుడై వచ్చి శ్రీనాథుడు సంపదలవైపు పిలువగా, ఇంట దారిద్ర్యమున్నను పోతన లొంగలేదు. ఇందు పెద్ద యుద్ధములు లేవు. కత్తుల మెరుపులు లేవు. ఒక మనుష్యుడు ఒక ధనమును కాదనుటయే కథ. కాదనుటను అభినయించుట కష్టము. బిగ్గరగా చెప్పినచో అహంకారమగును. మెల్లగా చెప్పినచో బలహీనతయగును. నాగయ్యగారి పోతన ఈ రెంటికిని నడుమ, ఎవరిని నొప్పింపక, తాను కదలక నిలిచెను. ఆయన కన్నులలో రాజుపై కోపము లేదు, శ్రీనాథునిపై చులకన లేదు. తన సొత్తు కానిదానిని ఎట్లిత్తునను నిర్మలమైన ఆశ్చర్యము మాత్రము కలదు. భాగవతము రామునిదైనప్పుడు దానిని మరియొకరికి ఇచ్చుటకు తానెవరను భావమది.

చూచినవారిలో అనేకులకు అది చలనచిత్రముగా తోచలేదు. జన్మలో చిత్రశాల గడప తొక్కని ముదుసళ్ళు ఇంటిల్లిపాదితో వెళ్ళి చూచిరి. పురాణకాలక్షేపమునకు పోవునట్లు స్నానము చేసి, బొట్టు పెట్టుకొని వెళ్ళినవారును కలరు. నాగయ్యగారు ఏ ఊరికి వెళ్ళినను జనులు నటునిగా కాక మహాత్మునిగా భావించి పాదములకు నమస్కరించుచుండిరి. ఇట్టి గౌరవము ఒక మనుష్యునికి ఎంత ప్రమాదకరమో ఆలోచింపవలెను. వేషము తీసివేసిన తరువాత కూడ జనులు వేషమునకే మ్రొక్కుచుండగా, లోపలి మనిషి ఏమి చేయవలెను? గర్వించి చెడవచ్చును, నవ్వుకొని మోసగించవచ్చును. నాగయ్యగారు మూడవ దారి పట్టిరి. తనకు మ్రొక్కువారు పోతనకు మ్రొక్కుచున్నారని ఎరిగి, ఆ మ్రొక్కునకు తగినట్లు బ్రతుకవలెనని పూనుకొనిరి. ఆ పూనికయే ఆయన జీవితమును అటుపిమ్మట నడిపినది.

1946వ సంవత్సరమున త్యాగయ్య చిత్రము వెలువడినది. దీనిని నాగయ్యగారు స్వయముగా నిర్మించి, దర్శకత్వము వహించి, సంగీతము కూర్చి, త్యాగరాజస్వామి పాత్రను ధరించిరి. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో తెలుగు కుటుంబమున జన్మించి, కావేరీతీరమున తిరువయ్యారులో ఉంఛవృత్తితో జీవించుచు శ్రీరామునే నమ్మి 1847లో సిద్ధిపొందిన మహానుభావుడు. తంజావూరు శరభోజి మహారాజు ఆస్థానమునకు రమ్మని పిలిచినను ఆయన వెళ్ళలేదు. ధనము వచ్చు దారిని మూసివేసినాడను కోపముతో అన్నయైన జపేశుడు ఆయన నిత్యము కొలుచు శ్రీరామవిగ్రహములను కావేరిలో విసరివేసెనని కథ. విగ్రహములు దొరకువరకు ఆయన పడిన వేదనయు, క్షేత్రములు తిరుగుచు తిరుమలకు వచ్చి, సన్నిధిలో తెర వేసియుండగా తన లోపలి తెరను తొలగింపుమని స్వామిని వేడుకొనుటయు తెలుగు, తమిళ భక్తులందరికిని సుపరిచితములు.

తెర అను మాటకు మన భాషలో రెండర్థములు కలవు. సన్నిధిలో తెర స్వామిని మరుగుపరచును. చిత్రశాలలోని తెర మరుగున నున్నవారిని చూపును. నాగయ్యగారు త్యాగయ్యగా పాడుచున్నప్పుడు చూపరులకు ఈ రెండు తెరలును ఒక్కసారి తొలగినట్లు తోచెడిదని చెప్పినచో అతిశయోక్తి కాదు. గాయకులలో ఆయనకంటె పాండిత్యమున అధికులు పలువురుండిరి. అయితే కీర్తన పుట్టుటకు ముందు భక్తుని హృదయమున కలుగు ఆర్తిని ముఖమున చూపి, ఆ ఆర్తియే స్వరమైనట్లు పాడుట ఆయనకే చెల్లినది. మైసూరు మహారాజావారు ఆ చిత్రమును చూచి ఆయనను ఘనముగా సత్కరించిరి. రాజసత్కారమును తిరస్కరించిన త్యాగరాజు పాత్రను ధరించినందులకు రాజసత్కారము లభించుట ఒక వింత. ఆ వింతను నాగయ్యగారు ఎరుగకపోలేదు. తనకు వచ్చినది తనది కాదను భావము ఆయనలో నానాటికి బలపడినది.

త్యాగయ్యకు కొంచెము ముందు, 1945లో, ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు మీరాబాయిగా నటించిన తమిళచిత్రమున ఆయన రాణా పాత్రను పోషించిరి. 1947లో వాహినీవారి యోగివేమన వచ్చినది. భోగములందు మునిగి, బంగారము చేయు విద్యకై తపించి, తాను ప్రాణముగా చూచుకొను పసిబిడ్డ మరణముతో కన్నులు తెరచి విరాగియైన వేమనను ఆయన చూపిరి. 1948లో తమిళమున చక్రధారి చిత్రమున పాండురంగభక్తుడైన కుమ్మరి గోరా పాత్రను ధరించిరి. బంట్వాని దాస్యమునుండి వేదాంతి వైరాగ్యమువరకు, కుమ్మరి చక్రమునుండి కావేరీతీరమువరకు, భక్తి ఏయే కులములలో ఏయే రూపముల వెలసెనో ఆ రూపములన్నియు ఆయన శరీరముపై నిలిచినవి.

ఆ సంవత్సరములలో నాగయ్యగారు దక్షిణదేశమున అత్యధిక పారితోషికము పొందు నటులలో ఒకరు. ఒక చిత్రమునకు లక్షరూపాయలు పుచ్చుకొన్న తొలినటులలో ఆయన ఒకరని ప్రసిద్ధి. వచ్చిన ధనము వచ్చినట్లు వెళ్ళెడిది. మద్రాసులో ఆయన ఇల్లు సత్రమువలె నుండెను. పనికై వచ్చిన నటులు, పూట గడవని గాయకులు, పెండ్లికూతుళ్ళ తండ్రులు, చదువుకు రుసుము లేని విద్యార్థులు ఆ ఇంట భోజనము చేసి, చేతిలో ఏదో ఒకటి పుచ్చుకొని వెళ్ళెడివారు. అడిగినవాడు నిజముగా అవసరమున్నవాడా, నటించుచున్నవాడా అని ఆ మహానటుడు పరీక్షింపలేదు. ఇంటిలో మాత్రము ఆయనకు సుఖము తక్కువ. దాంపత్యమున వియోగదుఃఖము ఆయనను వేధించినది. ఆ దుఃఖకాలమున ఆయన అరుణాచలమునకు వెళ్ళి శ్రీరమణమహర్షుల సన్నిధిని శాంతిని వెదకికొనిరి.

ఇక్కడ ధర్మము తెలిసినవారు ఒక ప్రశ్న వేయుదురు. దానమునకు దేశము, కాలము, పాత్రము చూడవలెనని భగవద్గీత సాత్త్వికదానమును నిర్వచించినది. తన్ను నమ్మియున్నవారిని పోషించిన తరువాతనే పరులకు ఈయవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. అట్లు చూచినప్పుడు నాగయ్యగారి దానము శాస్త్రసమ్మతమేనా? పూర్తిగా సమ్మతమని చెప్పుటకు వీలులేదు. రేపటికి దాచుకొనని చేతిని కొందరు వంచకులు కూడ ఆశ్రయించిరి. గృహస్థుడు ఆయన దాతృత్వమును మెచ్చుకొనవచ్చును గాని, అట్లే అనుకరింపవలెనని చెప్పరాదు. అయినను ఒక భేదము గమనింపదగినది. కీర్తికై ఇచ్చువాడు నలుగురు చూడగా ఇచ్చును. నాగయ్యగారు వేషమున పోతనయై ధనమును కాదనుచు, వేషము తీసిన తరువాత ఆ ధనమును ఇంటికి తీసికొనిపోవుటకు సిగ్గుపడినవాని వలె ఇచ్చిరి. అది లెక్క తప్పిన దానమే కావచ్చును. కపటము మాత్రము కాదు.

తరువాతి కాలము క్రమముగా ప్రతికూలించినది. 1953లో స్వయముగా నిర్మించి దర్శకత్వము వహించిన నా ఇల్లు చిత్రము ధనము తేలేదు. అయినను ఆయన హృదయమున భద్రాచల రామదాసు చరిత్రమును తెరకెక్కించవలెనను సంకల్పము స్థిరపడియుండెను. ఏండ్ల తరబడి, డబ్బు దొరకినప్పుడు సాగుచు, దొరకనప్పుడు ఆగుచు, ఆ చిత్రము 1964 డిసెంబరునకు పూర్తియై విడుదలయైనది. నిర్మాతయు, దర్శకుడును, ముఖ్యపాత్రధారియు ఆయనయే. రామదాసునకు తారకమంత్రమును ఉపదేశించినట్లు చెప్పబడు కబీరు పాత్రకు మహమ్మద్ రఫీగారు గానము చేసిరి. ఉత్తరదేశపు మహమ్మదీయ గాయకుని కంఠము, తెలుగు భక్తుని కథ, గోల్కొండ సుల్తాను చెరసాల — ఇవి మూడును శ్రీరామనామమున ఒక్కటైనవి.

రామదాసు చరిత్రము సికింద్రాబాదు, హైదరాబాదు వాసులకు ఇంటి చరిత్రము వంటిది. నేలకొండపల్లి వాస్తవ్యుడైన కంచర్ల గోపన్న, గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా కొలువులో మంత్రులైన అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. 1672 నుండి 1687 వరకు పాలించిన ఆ సుల్తానునే లోకము తానీషా అనును. గోపన్న భద్రాచల ప్రాంతమునకు తహశీలుదారై, శిస్తుగా వసూలైన ధనముతో శ్రీసీతారాములకు ఆలయము కట్టించి, ఆభరణములు చేయించెను. ఆ ధనము ఆరులక్షల వరహాలని సంప్రదాయము. ప్రభువు ధనమును అనుమతి లేక వెచ్చించినందులకు పన్నెండేండ్లు గోల్కొండ కోటలో బందీయైయుండెను. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో తానీషాకు కనబడి, బాకీ సొమ్మును రామటెంకెలుగా చెల్లించి, రసీదు పుచ్చుకొని గోపన్నను విడిపించిరని భక్తుల విశ్వాసము. పిమ్మట తానీషా శ్రీరామనవమి కల్యాణమునకు ముత్యముల తలంబ్రాలు పంపు ఆచారమును ప్రారంభించెను. సికింద్రాబాదులో రైలు దిగిన యాత్రికుడు నేటికిని గోల్కొండకు వెళ్ళి ఆ బందిఖానను చూడవచ్చును. మరల సికింద్రాబాదులోనే రైలెక్కి, కొత్తగూడెములోని భద్రాచలం రోడ్ స్టేషనులో దిగి, అక్కడినుండి సుమారు 40 కిలోమీటర్లు పోయి గోదావరి ఒడ్డున ఆలయమును సేవింపవచ్చును.

ఇప్పుడు రెండు చరిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. గోపన్న రాముని కొరకు ప్రభువు ధనమును వెచ్చించి చెరపాలయ్యెను. నాగయ్యగారు రామదాసు కొరకు తన ధనమునే వెచ్చించి అప్పులపాలయిరి. చిత్రము మన్నన పొందినది గాని చేసిన బాకీలు తీర్చలేదు. 1965లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదము నిచ్చినది. దక్షిణదేశపు చలనచిత్రనటులలో ఈ గౌరవము పొందిన మొదటివారు ఆయనయే. బిరుదము గోడకు అలంకారమైనది. వంటింటికి ఆధారము కాలేదు. ఒకప్పుడు లక్షలు పుచ్చుకొన్న నటుడు తండ్రిగా, తాతగా, గురువుగా, మునిగా చిన్న చిన్న పాత్రలు ధరించుచు, ఇచ్చినంత పుచ్చుకొని కాలము గడపెను. తెలుగు, తమిళములలో కలిపి ఆయన నటించిన చిత్రములు మూడువందలకు పైచిలుకు. పాత్ర ఎంత చిన్నదైనను ఆయన తెరపై కనబడగానే ఆ ఇంటికి ఒక పెద్దదిక్కు వచ్చినట్లుండెడిది. ఆ చిరునవ్వు వెనుక లేమి ఎంత ఉన్నదో చూపరులకు తెలియలేదు.

1973వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన మద్రాసులో నాగయ్యగారు పరమపదించిరి. అప్పటికి ఆయన వయస్సు అరువదితొమ్మిదేండ్లు. చేతిలో ధనము లేదు. తరువాత మద్రాసు త్యాగరాయనగరములోని పానగల్ ఉద్యానవనమున ఆయన విగ్రహము నెలకొల్పబడినది.

రామదాసు బాకీ తీర్చుటకు రామోజీ, లక్ష్మోజీ వచ్చిరి. నాగయ్యగారి బాకీ తీర్చుటకు ఎవ్వరును రాలేదు. ఇది దాచదగిన విషయము కాదు. భక్తుల చరిత్రములు చదువునప్పుడు చివరకు స్వామి వచ్చి కష్టము తీర్చునని మనము ముందే ఎరుగుదుము. కావున వారి కష్టమును ధైర్యముతో చదువుదుము. కన్నులయెదుట నున్న మనిషి కష్టమునకు అట్టి ముగింపు ఎవ్వరును వ్రాసిపెట్టలేదు. స్వామి నాగయ్యగారిని ఉపేక్షించెనా అని అడుగువారికి సమాధానము చెప్పుట సులభము కాదు. అయితే గోపన్నకును పన్నెండేండ్లు ఎవ్వరును రాలేదని గుర్తుంచుకొనవలెను. స్వామి వచ్చువరకు ఆ పన్నెండేండ్లు గోపన్న ఆకలిని చూడవలసినవారు మనుష్యులే. స్వామి స్వయముగా వచ్చుట అరుదు. ఎవరినో ఒకరిని పంపుట సామాన్యము. పంపబడినవారు బయలుదేరకపోయినచో, ఆ లోపము పంపినవానిది కాదు.

తెరపై పోతన ఇంట పొయ్యి వెలుగనప్పుడు తెలుగుదేశమంతయు కన్నీరు కార్చినది. ఆ పోతనను చూపిన మనిషి పొయ్యి సంగతి విచారించినవారు కొలది మంది. ఇందు ఒక వ్యక్తి దోషమును ఎంచనక్కరలేదు, ఇది లోకస్వభావము. కథలోని భక్తునిపై జాలి సులభము, దానికి ఖర్చు లేదు. కథ చెప్పువానిని ఆదరించుట కష్టము, దానికి చేయి చాపవలెను.

నాగయ్యగారి చరిత్రము వైష్ణవ గృహస్థులకు నేర్పు పాఠము ఇక్కడ నున్నది. శ్రీరామనవమి పందిరిలో తెల్లవార్లు గొంతు చించుకొని హరికథ చెప్పు దాసుగారు, ధనుర్మాసమున మంచులో తిరుప్పావై పాడుచు వీధిసేవ చేయు భాగవతులు, స్వామి ఊరేగింపున మైళ్ళ దూరము నాదస్వరము ఊదుచు నడచు విద్వాంసుడు, ముసలితనమున ఎట్లున్నారో విచారింపవలెను. వారు పాడినప్పుడు వారి పాటలో స్వామి వచ్చెనని మనము చెప్పుకొందుము. వారి గొంతు పోయిన తరువాత వారి గడపకు వెళ్ళుట మన వంతు. సంభావన తాంబూలములో పెట్టునప్పుడు బేరమాడక పెట్టుట, పండుగనాడు ఒక వృద్ధ భాగవతుని ఇంటికి బియ్యము, పప్పు పంపుట, వారి మనుమల చదువునకు తోడ్పడుట పెద్దపనులు కావు. తిరుపతిలో ఏనాడో ఒక విద్యార్థికి అందిన వేతనము ఎంత దూరము ప్రయాణించినదో నాగయ్యగారి జీవితమే సాక్ష్యము.

సాయంకాలమున హుస్సేన్ సాగరపు కట్టపై పిల్లలతో నడచు గృహస్థుడు పోతన విగ్రహము చెంత ఆగినప్పుడు పోతన కథతోపాటు మరియొక కథ కూడ చెప్పవలెను. పూర్వము ఒక మనుష్యుడుండెను. ఆయన పోతన కాడు, త్యాగయ్య కాడు, రామదాసు కాడు. జనులు తనలో వారిని చూచుచున్నారని తెలిసికొని, ఆ చూపును అబద్ధము చేయుటకు ఇష్టపడలేదు. అందులకై చేతిలోనున్నది ఇచ్చివేసెను. ఈ కథ విన్న పిల్లవాడు ఇంటికి తిరిగివచ్చి, వీధిలో తంబుర మీటుచు వచ్చిన ముసలి భాగవతుని దోసిట రెండు గుప్పెళ్ళ బియ్యము పోసినచో, రామోజీ, లక్ష్మోజీ ఆ ఇంటి గుమ్మమునకు వచ్చినట్లే.